బుజ్జమ్మ మేత ముట్టడం లేదు

జులై 3, బుధవారం

బుజ్జమ్మ ఈ రోజూ ముట్టలేదు. నిన్న సాయంత్రం వదిలిన కీచురాయి గాజు పెట్టెలో ఈ మూల నుంచి ఆ మూలకు షికార్లు చేస్తోంది. ఒకసారి ఏకంగా బుజ్జమ్మ కాలి మీదుగానే నడిచిపోయింది. ఆవిడగారు కాలు కాస్త పక్కకు జరుపుకున్నారు, అంతే.

ఎవరితోనైనా చెప్పుకుందామంటే చెంచులక్ష్మి ఆ గది గడప తొక్కదు. "ఆ పురుగు సంగతి నా దగ్గిర ఎత్తబాకండి" అంటుంది. పెళ్ళాంతో చెప్పుకోలేని సంగతి కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. నలభై దాటిన మనిషి, రొయ్యల గుంటల రైతు, సాలెపురుగు మేత తినలేదని బెంగ పెట్టుకున్నాడని తెలిస్తే చిట్టమూరు మండలమంతా నవ్వుతుంది.

బెంగేమీ కాదు. మాట ఇచ్చాను, అందుకని.

అనూష హాస్టలుకు పోనని మొండికేసింది. వాళ్ళ మామ కొడుకు ముఖేష్ మద్రాసులో రూము మారుతూ ఈ సాలీడును అనూషకు ఇచ్చాడు. అరచేయంత ఉంటుంది, ఒళ్ళంతా గులాబీ రంగు నూగు. పదో తరగతి అంతా దాని పెట్టె పక్కనే కూర్చుని చదివింది మా అమ్మాయి. దాన్ని వదిలి ఎట్లా పోవాలని ఏడుపు. చివరికి తనే బేరం పెట్టింది.

"నువ్వే చూసుకోవాల నాన్నా. బుజ్జమ్మ బాగున్నన్నాళ్ళు నేను ఆడ ఉంటా. దానికేమన్నా అయిందంటే ఇంటికొచ్చేస్తా. మళ్ళీ పంపించకూడదు."

సరేనని చేతిలో చెయ్యి వేశాను. ముఖేష్‌ని ముందే అడిగి ఉంచాను, ఆడ సాలీడు ఇరవై ఏళ్ళు బతుకుతుందన్నాడు. రెండేళ్ళ ఇంటరుకు ఇరవై ఏళ్ళ గ్యారంటీ. నా అంత తెలివైన తండ్రి నెల్లూరు జిల్లాలో ఉండడనుకున్నాను ఆ రోజు.

జులై 5, శుక్రవారం, అమావాస్య

గుంటల్లో రొయ్యలు పాత గుల్ల విడుస్తున్నాయి. మేత సగానికి తగ్గించి, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లన్నీ తిప్పించాను. ఆదెయ్య పొద్దున్నుంచీ గట్ల మీదే ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, గుంటలు తవ్విన నాటి నుంచీ మా దగ్గరే పనిచేస్తున్నాడు.

బురద నీళ్ళలో రొయ్య కంటికి కనపడదు. మేత చల్లాక నీళ్ళలో దించిన చెక్ ట్రేను కాసేపాగి పైకి లాగితే, అందులో మిగిలిన మేత చెబుతుంది లోపల వాటి ఆరోగ్యం ఎట్లా ఉందో. ఖాళీ ట్రే వస్తే ఆ రాత్రికి నిద్ర. మేత మిగిలితే నిద్ర లేదు. ఆ ట్రే చూసే ఇల్లు కట్టాను, పిల్లను చదివిస్తున్నాను.

ఈ గాజు పెట్టె కూడా అట్లాంటి ట్రేనే. రోజూ మేత మిగిలే వస్తోంది.

జులై 7, ఆదివారం

హాస్టలు నుంచి ఫోను. వారానికి ఒకసారి, అదీ వెనకాల పదిమంది పిల్లలు వరసలో నిలబడి ఉండగా.

"ఏం తిన్నావమ్మా?"

"తిన్నా నాన్నా."

"ఏందో చెప్పు."

"అన్నమే. బుజ్జమ్మ తినిందా?"

"ఓ! రెండు లాగించింది."

"నిజంగా?"

"నేనెందుకు అబద్ధం చెప్తా?"

మార్చిలో రెండు తిన్న మాట నిజమే. ఎప్పుడు తిన్నదని అనూష అడగలేదు, నేను చెప్పలేదు. దీన్ని అబద్ధం అనరు. చదువుకునే పిల్ల మనసు పాడు చేయకూడదు.

జులై 9, మంగళవారం

మద్రాసు నుంచి పార్సిల్లో వచ్చే కీచురాళ్ళ మీద మొహం మొత్తిందేమో అనిపించింది. రోజూ ఒకే కూరయితే మనం మాత్రం తింటామా? గుంట నుంచి బతికున్న చిన్న రొయ్యను గ్లాసులో తెచ్చి పెట్టెలో వేశాను. అది ఎగిరెగిరి పడింది. బుజ్జమ్మ అద్దం మీదికి ఎక్కి మూతకు అతుక్కుపోయింది, మధ్యాహ్నం దాకా దిగలేదు. ఇల్లంతా నీచు వాసన. చెంచులక్ష్మి అగరుబత్తీలు వెలిగించి, నన్నొక చూపు చూసింది.

రొయ్యల మేత గుళికలు నాలుగు వేసి చూశాను. వాటికి బూజు పట్టింది.

ఆదెయ్యకు చెప్పక తప్పలేదు. "దిష్టన్నా, దిష్టి. అంత పెద్ద సాలీడు ఎవురింట్లో ఉండాది చెప్పు? ఊళ్ళో వాళ్ళ కళ్ళన్నీ దాని మీదనే" అన్నాడు. ఎర్రనీళ్ళు తిప్పి పోయమన్నాడు. పోయలేదు. పోస్తే తప్పేమిటని మాత్రం కాసేపు ఆలోచించాను.

జులై 12, శుక్రవారం

ముట్టలేదు.

జులై 14, ఆదివారం

హాస్టలుకు పోయి వచ్చాం. ఈ ఆదివారం తల్లిదండ్రులను లోపలికి రానిచ్చారు. చెంచులక్ష్మి తెల్లవారుజామునే లేచి రొయ్యల వేపుడు, గోంగూర, పెరుగన్నం చేసి క్యారియర్ సర్దింది. అనూష వేపుడు బాగుందంది. రెండు ముద్దలు తిని, "పొద్దున టిఫిన్ ఎక్కువ తినేసినా" అని చెయ్యి కడుక్కుంది. కాస్త చిక్కింది. ఈ వయసులో పొడుగు సాగేటప్పుడు పిల్లలు చిక్కుతారు.

రూములో అలమర తెరిస్తే ఆవకాయ సీసా కనపడింది, చేర్చిన రోజు ఇచ్చింది. మూతకు కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. మెస్సులో కూరలు బాగుండి ఉంటాయి, పచ్చడి అవసరం పడి ఉండదు.

"బుజ్జమ్మ వీపు మీద బోడి మచ్చ ఉండాది గదా నాన్నా, ఇప్పుడెట్టుంది?" అని అడిగింది.

"బాగుంది" అన్నాను. నేనెప్పుడూ అటు చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు గూడూరు దాటేదాకా చెంచులక్ష్మి మాట్లాడలేదు. దాటాక, "ఆ సీసా మీకు కనపళ్ళేదా?" అంది.

"కనపడింది. ఏం?"

కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికి రాగానే టార్చి వేసి బుజ్జమ్మ వీపు చూశాను. లేత రంగులో ఉండాల్సిన మచ్చ నల్లబడిపోయి ఉంది. రొయ్యకు నల్లమచ్చ వస్తే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పాలా? ఒకసారి ఒక గుంట మొత్తం పోయింది నాకు.

జులై 16, మంగళవారం

అనూషనే అడిగితే ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. కానీ బాగా తింటోందని, మచ్చ బాగుందని చెప్పి ఉన్నాను. ముఖేష్‌ని అడిగితే ఆ మాట ఆదివారానికల్లా అనూషకు చేరుతుంది, వాళ్ళిద్దరూ ఒకటే. ఫోనులో వెతికితే ఒక తెల్లాయన సాలీడును భుజం మీద ఎక్కించుకుని, ఇవి నెలల తరబడి తినకపోయినా ఏమీ కాదంటున్నాడు. అంత నవ్వుతూ చెప్పేవాడిని నమ్మబుద్ధి కాలేదు. తెలుగులో వెతికితే ఇంట్లో సాలెగూళ్ళు పోవాలంటే ఏం చల్లాలో చెబుతున్నారు.

నాకు తెలిసిన వైద్యమే మొదలుపెట్టాను. గుంటల్లో చల్లే మినరల్ పొడి చిటికెడు నీళ్ళ గిన్నెలో కలిపాను. గాలి చాలడం లేదేమోనని చేపల తొట్టికి వాడే చిన్న గాలి మోటరు తెచ్చి, పైపు మూత కంతలో దూర్చాను. బుజ్జమ్మ ముందు కాళ్ళు రెండూ పైకెత్తి పైపును బెదిరించింది. బెదిరించే ఓపికైతే ఉందన్నమాట. కొంచెం ధైర్యం వచ్చింది.

జులై 21, ఆదివారం, పౌర్ణమి

ఈసారి ఫోనులో హాస్టలు వార్డెనమ్మే ముందు మాట్లాడింది. "పాప భోజనానికి సరిగ్గా రావడం లేదండీ. కొత్తలో పిల్లలందరూ ఇంతే, దారిలో పడతారు" అంది. అందరూ ఇంతే అన్నప్పుడు కంగారు పడాల్సిందేమీ లేదు.

తరవాత అనూష వచ్చింది. తను తిన్నానంది. నేను బుజ్జమ్మ తినిందన్నాను. ఇద్దరం సంతోషించి ఫోను పెట్టేశాం.

జులై 25, గురువారం

పొద్దున చెంచులక్ష్మితో గొడవ. నేను పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కొత్త కీచురాయిని వదిలాను, ఎవరూ కదలకుండా ఉంటే తింటుందేమోనని చూస్తున్నాను. కాఫీ గడప అవతలే పెట్టి అక్కడే నిలబడింది.

"పురుగు తినలేదని పొద్దస్తమానం దాని ముందు కూర్చుంటా ఉండారే, పాప తినలేదని ఒక్క పూటన్నా ఇట్టా కూర్చున్నారా?"

"పాపకేమైంది? ఫోనులో బాగానే మాట్లాడింది గదా."

"బాగానే మాట్లాడింది" అని నా మాట నాకే అప్పజెప్పి వెళ్ళిపోయింది.

ఈవిడ ఎక్కడి సంగతి తెచ్చి ఎక్కడ ముడి పెడుతుందో దేవుడికే తెలియాలి. నేను ఈ పెట్టె ముందు కూర్చునేది ఎవరి కోసం? బుజ్జమ్మకు ఏమైనా అయితే అనూష ఆ రోజే పెట్టె సర్దుకుంటుంది. డాక్టరు కావాల్సిన పిల్ల ఒక సాలీడు వల్ల చదువు మానేసి వచ్చిందంటే తలెత్తుకోగలమా? నేను ఒక్కణ్ణే ఆ పిల్ల భవిష్యత్తును కాపలా కాస్తున్నాను, ఇంట్లో ఒక్కరికీ అర్థం కాదు.

కీచురాయిని తీసేశాను. బుజ్జమ్మ తినకపోగా, అదే బుజ్జమ్మను కొరికిపెడుతుందేమోనని భయం.

జులై 29, సోమవారం

నిన్న ఫోనులో అనూష ఎక్కువ మాట్లాడలేదు. జలుబు చేసిందట.

బుజ్జమ్మ ఒక మూల కొబ్బరి పొట్టు మీద దట్టంగా దారాలు అల్లింది. తెల్లటి పక్క పరుచుకున్నట్టుంది. దాని మీదే కదలకుండా కూర్చుంది. పోయేవాళ్ళు ముందే తెలుసుకుంటారంటారు. అట్లా అనుకోకూడదు.

జులై 30, మంగళవారం

కదల్లేదు. నేనూ గుంటల దగ్గరికి పోలేదు.

ఆగస్టు 1, గురువారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

టిఫినయ్యాక గదిలోకి వెళ్ళేసరికి బుజ్జమ్మ ఆ తెల్లటి పక్క మీద వెల్లకిలా పడి ఉంది. ఎనిమిది కాళ్ళూ పైకే. పెట్టె మీద తట్టాను. కదల్లేదు.

గుంటలో రొయ్య వెల్లకిలా కనపడితే ఇంక చూడాల్సింది ఏమీ ఉండదు. వెంటనే తీసి, గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చాలి. ఆలస్యం చేస్తే మిగతావాటికి అంటుకుంటుంది. ఈ పెట్టెలో మిగతావి లేవన్న సంగతి నాకు తట్టనేలేదు, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. గరిటెతో మెల్లగా ఎత్తి ఐస్‌క్రీం డబ్బాలో వేశాను. అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. ఏడుపు వచ్చింది. నాకే ఆశ్చర్యం వేసింది కానీ వచ్చిన మాట నిజం. గట్టు మీద వేపచెట్టు కింద పూడ్చిపెడదామని సున్నం సంచీ కోసం లేచాను.

చెంచులక్ష్మి గడప దాటి లోపలికి వచ్చింది. మొదటిసారి.

"పాపకు చెప్పకుండా పూడ్చేస్తారా? అది మనది కాదు, పాపది."

"చెప్తే ఇంటికొచ్చేస్తుంది."

"వచ్చేస్తే రానీండి! ముందు చెప్పండి."

హాస్టలుకు ఫోను చేస్తే ఆఫీసులో కుర్రాయన గురువారం పిల్లలతో మాట్లాడించం అన్నాడు. "ఇంట్లో మనిషి పోయింది బాబూ" అన్నాను. ఎవరన్నాడు. బుజ్జమ్మ అన్నాను. "అయ్యయ్యో" అని పరిగెత్తి అనూషను పిలుచుకొచ్చాడు.

"అమ్మా, బుజ్జమ్మ పోయింది. నేను చేయగలిగిందంతా చేశాను" అన్నాను.

అవతల చప్పుడు లేదు. ఫోను కట్ అయిందేమో అనుకున్నాను. తరవాత అడిగింది.

"ఎట్టా పడి ఉండాది?"

"వెల్లకిలా."

"కాళ్ళు లోపలికి ముడుచుకోనుందా, తెరిచుందా?"

"తెరిచే ఉంది."

"నాన్నా, ముట్టుకోబాకు! చావలా అది! చస్తే కాళ్ళు ముడుచుకోని బోర్లా పడతాది. ఇది మోల్టింగ్ నాన్నా, కుబుసం విడస్తా ఉండాది!"

"డబ్బాలో వేసేశానమ్మా."

"ఎవురు వెయ్యమన్నారు నిన్ను? అమావాస్య అమావాస్యకీ మోల్టింగ్ మోల్టింగ్ అని గుంటల చుట్టూ తిరగతావే, ఇది తెలీదా?"

"రొయ్య వెల్లకిలా పడదు గదమ్మా."

"అది రొయ్య కాదు నాన్నా!"

ఆ అరుపుకు చెంచులక్ష్మి నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. నెలన్నర తరవాత మా పిల్ల గొంతు మళ్ళీ విన్నాం. ఇన్నాళ్ళూ ఆదివారాలు ఫోనులో మాట్లాడింది ఎవరో!

ఇంక వరసగా ఆజ్ఞలు. డబ్బాను కదపబాకు. ఫ్యాను ఆపు. పక్కన తడిగుడ్డ పెట్టు. గాలి మోటరు సంగతి చెబితే నెత్తి కొట్టుకున్న చప్పుడు వినపడింది. వీపు మచ్చ నల్లబడటం కూడా కుబుసం గుర్తేనట. ఎప్పటి నుంచి తినలేదని అడిగింది.

"నువ్వు పోయినకాడ నుంచీ" అన్నాను. దాచి ఇంక లాభం లేదు.

"మరి తినిందన్నావే?"

"నువ్వు తింటున్నావా?" అన్నాను నేను.

వెనకాల ఎవరో క్లాసుకు టైమైందంటున్నారు.

"భయపడబాకు నాన్నా, బతుకుతాదిలే" అంది. ఆపైన చిన్న గొంతుతో, "నేనుంటాలే ఈడ" అని పెట్టేసింది.

ఆ చివరి మాట అప్పుడు నా చెవికెక్కలేదు. డబ్బా ముందు కూర్చున్నాం ఇద్దరం. చెంచులక్ష్మి స్టూలు తెచ్చుకుంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత గుండె దగ్గరి చిప్ప డబ్బా మూత లేచినట్టు లేచింది. లోపల లేత గులాబీ రంగు. తడిసిన చొక్కా చేతుల్లోంచి చేతులు లాక్కున్నట్టు ఒక్కో కాలూ లాక్కుంది, లాగి ఆగి, మళ్ళీ లాగి. చెంచులక్ష్మి "అమ్మా, అమ్మా" అంటూ తనే నొప్పులు పడుతున్నట్టు చీర కొంగు నలిపింది. ఒక కాలు మాత్రం పాత తోలులో ఇరుక్కుని ఊడిపోయింది. అది నా గరిటె పుణ్యం. మధ్యాహ్నం భోజనాల వేళకు పక్కన పాత ఒళ్ళు పడి ఉంది, ఇవతల కొత్త బుజ్జమ్మ ఏడు కాళ్ళతో, తెల్లటి కోరలతో, మెత్తగా, అలిసిపోయి.

చెంచులక్ష్మి అన్నం వడ్డించింది. చెయ్యి కంచంలో పెట్టాక అప్పుడు తట్టింది నాకు.

బుజ్జమ్మ పోయిందని నా నోటితో నేనే చెప్పాను. బేరం ప్రకారం ఆ నిమిషమే అనూష ఇంటికి వచ్చేయవచ్చు. తను ఏమీ చెప్పకుండా ఊరుకుంటే నేను బుజ్జమ్మను తీసుకుపోయి సున్నంలో పూడ్చేసేవాణ్ణి, సాయంత్రానికి హాస్టలుకు పోయి పిల్లను తెచ్చుకునేవాణ్ణి. అదంతా ఆ పిల్లకు తెలుసు. మొదట చప్పుడు లేకుండా నిలబడింది అందుకేనేమో, నాకు తెలియదు. ఆ తరవాతే ముట్టుకోబాకు అని అరిచింది. దాన్ని బతికించింది, తను అక్కడే ఉండిపోవాలని తెలిసీ.

నేను ఇన్నాళ్ళూ సాలీడుకు కాపలా కాశాను. పిల్లను అక్కడ కట్టిపడేయడానికి కాశాను. ఆ ఆవకాయ సీసా నాకు కనపడింది. కనపడలేదని ఇక్కడ కూడా రాయలేను, నా చేత్తో నేనే రాసుకున్నాను.

అన్నం సయించలేదు. చెంచులక్ష్మి ఏమైందని అడగలేదు. "పొద్దున్నే పోదాం" అంది.

ఆగస్టు 2, శుక్రవారం

చెంచులక్ష్మి బుజ్జమ్మ దగ్గర ఉంటానంది. ఒళ్ళు గట్టిపడేదాకా ఎవరో ఒకరు చూస్తుండాలని తనే తీర్మానించింది. గడప తొక్కని మనిషి ఇప్పుడు స్టూలు దిగడం లేదు. నేనొక్కణ్ణే కారు తీశాను.

ఆఫీసులో పెద్దాయన చాలాసేపు నచ్చజెప్పాడు. మంచి మార్కులొచ్చే పిల్లండీ, మధ్యలో తీసుకుపోతే ఎట్లా, దసరా దాకా ఓపిక పడితే అలవాటైపోతుంది అన్నాడు. ఆయన మాటలన్నీ నావే. పోయిన వారం దాకా నేను చెంచులక్ష్మికి చెప్పినవే. అందుకని వాదించలేకపోయాను. "మా పిల్లను పిలిపించండి సార్" అన్నాను మళ్ళీ మళ్ళీ.

అనూష మెట్లు దిగి వస్తూ నన్ను చూసి సగంలోనే ఆగిపోయింది. మొహం పాలిపోయింది.

"పోయిందా?"

"లేదమ్మా. బాగుంది. ఒక కాలు పోయింది, అదీ నా వల్లే."

"కాలు మళ్ళీ వస్తాదిలే, ఇంకోసారి విడిచేటప్పుడు" అంది. మిగతా మెట్లు దిగి నా ముందు నిలబడింది. మెడ దగ్గర ఎముకలు కనపడుతున్నాయి. పోయినసారి కూడా కనపడే ఉంటాయి. "మరెందుకొచ్చినావు నాన్నా? ఈ రోజు ఆదివారం కాదు గదా."

"నిన్ను తీసుకపోదామని."

"బుజ్జమ్మ బాగుందన్నావు గదా."

"దానికి బాగనే ఉండాది. నీకే బాగలేదు. పోయి పెట్టె సర్దుకో."

నన్ను కాసేపు అట్లాగే చూసింది. నమ్మాలో వద్దో తెలియని చూపు అది. ఇన్ని ఆదివారాలు ఫోనులో కథలు చెప్పినవాణ్ణి, చూడక ఏం చేస్తుంది? తరవాత వెనక్కి తిరిగి మెట్లు ఎక్కింది. ముందు నడిచింది, తరవాత పరిగెత్తింది.

ఆడపిల్ల సామాన్లు, గంట పడుతుందని బెంచీ మీద కూర్చున్నాను. కూర్చుని చెప్పులు సర్దుకునేలోపే వచ్చేసింది, పెట్టెను రెండు చేతులతో ఈడ్చుకుంటూ.

పెట్టె సర్దే ఉంది. ఎప్పుడు సర్దుకుందో నేను అడగలేదు.